విప్పి చూస్తే తెలిసే పనితనం

గిటారు ఆంప్లిఫయర్‌ను చెవితో కొనాలంటారు అనుభవజ్ఞులు. నిజమే. అయితే చేతితో వైరింగు చేసిన వాల్వు ఆంపు విషయంలో చెవి చెప్పని సంగతులు కొన్ని కంటికే తెలుస్తాయి. ముందు నుంచి చూస్తే అది ఒక చెక్కపెట్టె, ఒక స్పీకరు, నాలుగు నాబులు. వెనక పలక స్క్రూలు తీసి లోపలికి తొంగి చూస్తేనే దాన్ని ఎంత ఓపికతో, ఏ ఆలోచనతో కట్టారో బయటపడుతుంది. 1950, 60 దశకాల నాటి ఆంపులను అదే పద్ధతిలో మళ్లీ కట్టి అమ్ముతున్న కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అవి చెప్పే ధర వింటే గుండె గుభేలుమంటుంది. ఆ ధరకు తగ్గ పని లోపల ఉందా, ఉంటే అది ఏ పని అన్నదే ఇక్కడ చూడబోయేది.

దీనికి మూలం ఒక రేడియో రిపేరు దుకాణం. 1938లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ పేరుతో ఆ దుకాణం తెరిచాడు. ప్రపంచంలోకెల్లా పేరున్న ఎలక్ట్రిక్ గిటార్లు తయారు చేసిన ఈ మనిషికి గిటారు వాయించడం రాదు. ఆయనకు వచ్చింది రిపేరు. ఏ భాగం ముందు పోతుంది, పోయినదాన్ని తీసి కొత్తది వేయడానికి ఎంత అవస్థ పడాలి, ఎక్కడ చేయి దూరదు, ఎక్కడ టంకం వీడిపోతుంది - ఇదంతా మన ఊళ్లలో మర్ఫీ, ఫిలిప్స్ వాల్వు రేడియోలు బాగుచేసిన మెకానిక్కులకు కంఠోపాఠంగా తెలిసిన విద్యే. తర్వాత లియో సొంతంగా ఆంప్లిఫయర్లు తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు ఆ విద్యే డిజైనులోకి వచ్చింది. రిపేరు చేసి చేసి విసిగినవాడు గీసిన నక్షా కనుక, అది రిపేరుకు లొంగే నక్షా అయింది. చేతి వైరింగు ఆంపుల గొప్పతనమంతా నా దృష్టిలో ఈ ఒక్క చోటే ఉంది. కొనేవాళ్లు మాత్రం దాన్ని ధ్వనిలో వెతుకుతుంటారు.

ఫెండర్ తయారీల్లో డీలక్స్ అనే చిన్న ఆంపు ఒకటుంది. 1955 నుంచి 1960 దాకా తయారైన డీలక్స్ సర్క్యూట్‌కు కంపెనీ పెట్టుకున్న గుర్తు 5ఈ3. అదే సర్క్యూట్‌ను ఇప్పుడు ‘57 కస్టమ్ డీలక్స్’ పేరుతో కాలిఫోర్నియాలోనే కొరోనా ఫ్యాక్టరీలో చేతితో కడుతున్నారు. పైన్ చెక్క పెట్టె. మూలల్లో పళ్లు పళ్లుగా కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిన కీళ్లు. దానిమీద ఏటవాలు చారలున్న నూలుగుడ్డ అంటించి లక్క రంగు వార్నిషు పూశారు. పన్నెండు అంగుళాల స్పీకరు ఒకటే. పన్నెండు వాట్ల శక్తి. రెండు వాల్యూములు, ఒక టోను - నాబులు అంతే. రివర్బు లేదు, బాస్‌కూ ట్రెబుల్‌కూ వేర్వేరు నాబులు లేవు.

పై వెనక పలక తీయగానే చాసిస్ - అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం - లోపలి భాగం నేరుగా మన ముఖానికి ఎదురుగా ఉంటుంది. ఆంపును బోర్లించనక్కర్లేదు, చాసిస్‌ను ఊడదీయనక్కర్లేదు. మొదటి మార్కు ఇక్కడే వేయాలి. లోపల ఒక పొడవాటి ఫైబర్ పలక. దానికి రెండు వరుసల్లో రంధ్రాలు, ప్రతి రంధ్రానికీ బూటు లేసు దూర్చే చోట ఉండేలాంటి లోహపు కన్ను. ఆ కన్నుల మధ్య రెసిస్టర్లు, కెపాసిటర్లు పక్కపక్కన పడుకోబెట్టి ఉంటాయి. అన్నీ కలిపి లెక్కపెట్టినా ముప్పైకి కాస్త అటూ ఇటూ. అంతకంటే లేవు. ఇంత పేరున్న ధ్వని ఇన్ని తక్కువ వస్తువుల నుంచి వస్తోందా అని మొదటిసారి చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

ఇక ఆ వైరు చూడండి. ప్లాస్టిక్ తొడుగు కాదు, మైనం పట్టించిన నూలు తొడుగు. దీన్ని ఒలవడానికి కత్తి, కటింగు ప్లేయరు అక్కర్లేదు. కావలసిన పొడవుకు తుంచి, తొడుగును గోటితో వెనక్కి నెడితే ముడుచుకుని లోపలి తీగ బయటికొస్తుంది. ఆ తీగను కన్నులోకి దించుతారు. అదే కన్నులోకి రెసిస్టరు కాలో, కెపాసిటరు కాలో దిగి ఉంటుంది. పైనుంచి సోల్డరింగ్ ఐరన్ ఆనించి, కన్ను వేడెక్కాక టంకం తీగ తాకించాలి. టంకం కరిగి నీళ్లలా లోపలికి దిగి కన్నును నింపుతుంది. చల్లారాక తొడుగును మళ్లీ ముందుకు లాగితే తీగ కప్పుకుంటుంది. ప్లాస్టిక్ తొడుగైతే ఈ వేడికి కరిగి ముడుచుకుపోయి ఉండేది, నూలు చెక్కుచెదరదు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఇంకో చేయి అదే చోట ఐరన్ ఆనిస్తే అతుకు అంతే సులువుగా వీడుతుంది కూడా. అతకడమూ విప్పడమూ సమానంగా ఆలోచించి పెట్టిన అతుకు ఇది.

మంచి అతుకును గుర్తుపట్టేదెలా? పాతకాలపు సీసం, తగరం కలిసిన టంకమైతే మెరుస్తూ, అంచులు పల్చగా తీగను ఒరుసుకుని ఉండాలి. బొబ్బలా ఉబ్బి, అంచులు లోపలికి ముడుచుకుని ఉందంటే టంకం తీగను పట్టలేదన్నమాట. అది ఇవాళ పనిచేస్తుంది, రేపు కచేరీ మధ్యలో గరగరమంటుంది. 2006లో యూరప్‌లో సీసం మీద ఆంక్షలు వచ్చాక చాలా ఫ్యాక్టరీలు సీసం లేని టంకానికి మారాయి. అది సరిగ్గా అతికినా కాస్త మసకగానే కనిపిస్తుంది. కాబట్టి మెరుపు చూసి మార్కులు వేసే పాత మెకానిక్కు కొత్త ఆంపును చూసి అనవసరంగా పెదవి విరుస్తాడు. చూడాల్సింది అంచు.

ఫైబర్ పలకకు ఒక లోపముంది. అభిమానులు ఈ మాట ఎత్తరు. అది కాగితం జాతి వస్తువు, తేమ పీలుస్తుంది. అందుకే ఆ రోజుల్లో మైనంలో ముంచేవారు. అయినా దశాబ్దాలు గడిచేసరికి కొన్ని పాత పలకలు తేమ పట్టి, వందల వోల్టులున్న కన్ను నుంచి పక్క కన్నుకు పలక గుండానే సన్నగా కరెంటు పాకడం మొదలవుతుంది. ఆంపు కారణం లేకుండా చిటపటలాడుతుంది. దీన్ని చూసే చాలామంది చిన్న తయారీదారులు ఫైబర్‌ను వదిలి గాజునార పలక వాడుతున్నారు. పాతదానికి అచ్చు నకలు కావాలనుకునేవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, మన తీరప్రాంతపు ఉక్కలో వాడబోయేవాడికి గాజునారే మేలు.

సర్క్యూట్ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఈ పని ఎందుకంత జాగ్రత్తగా చేయాలో అర్థం కాదు. వాల్వులో వేడెక్కిన కాథోడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, అధిక వోల్టేజీ ఉన్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. మధ్యలో ఉన్న గ్రిడ్ కాలువ తూము తలుపులాంటిది. తలుపును ఎత్తేది పిడికెడు బలం, దాని కిందుగా పారేది పొలమంతటికీ సరిపడే నీరు. గిటారు తీగ పంపిన అతి సన్నని సంకేతం ఆ తలుపును ఆడిస్తుంది. డీలక్స్‌లో మొదటి వాల్వు 12ఏవై7, రెండోది 12ఏఎక్స్7. ఆ రెండోది సంకేతాన్ని పెంచి, ఒకదానికొకటి ఎదురుగా నడిచే రెండు భాగాలుగా చీలుస్తుంది. ఆ రెండింటినీ రెండు 6వీ6 వాల్వులు చెరొకటి అందుకుని ట్రాన్స్‌ఫార్మరుకు, అక్కణ్నుంచి స్పీకరుకు పంపుతాయి. ఏసీని డీసీగా మార్చడానికి కూడా ఒక వాల్వే, 5వై3. గట్టిగా మీటినప్పుడు ఆ వాల్వు అడిగినంత కరెంటు వెంటనే ఇవ్వలేదు; వోల్టేజీ ఒక్క క్షణం కుంగి, మళ్లీ లేస్తుంది. స్వరం మొదట నొక్కుకుని తర్వాత విచ్చుకున్నట్టుండే ఆ అనుభూతి అలా వచ్చిందే. ఇంజనీరు దృష్టిలో అది లోపం. గిటారు వాయించేవాడికి అదే ప్రాణం.

ఇంకో చిత్రముంది. ఈ ఆంపులోని రెండు వాల్యూముల మధ్య అడ్డుగా ఉండాల్సిన రెసిస్టర్లు లేవు. రెండూ కలిసి ఒకే గ్రిడ్ దగ్గర చేరతాయి. కాబట్టి మీరు ఒక చానల్లో గిటారు పెట్టి వాయిస్తున్నా, ఖాళీగా ఉన్న రెండో చానల్ నాబు తిప్పితే మీ ధ్వని మారుతుంది. మొదట పదును తగ్గుతుంది, తర్వాత ఇంకోలా వినిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పొదుపు కాస్తా వాయించేవాడికి మూడో పరికరమైంది. దశాబ్దాలుగా 1959 నాటి డీలక్స్‌నే నమ్ముకున్న గిటారిస్టు నీల్ యంగ్ వేదికమీద ఆ నాబులను మోటార్లతో తిప్పే ఒక యంత్రాన్ని ఆంపు మీద పెట్టించుకున్నాడు. కాలితో మీట నొక్కితే నాబులు తమంతట తామే ముందుగా నిర్ణయించిన చోటికి తిరుగుతాయి. కొత్తగా ఒక సర్క్యూట్ చేర్చుకుంటే పోయేది కదా అనొచ్చు. ఆ ముప్పై వస్తువుల మధ్యకి ఇంకొకటి రానివ్వడం ఆయనకు ఇష్టం లేదు.

ఇన్ని తక్కువ వస్తువులున్న చోట తీగ ఎటు నుంచి ఎటు పోయిందన్నదే పెద్ద సంగతి. వాల్వులను వేడిచేసే తీగల్లో 6.3 వోల్టుల ఏసీ పారుతుంది. ఆ రెండు తీగలనూ గట్టిగా మెలిపెట్టి నడిపితే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకొకటి చాలావరకు రద్దు చేస్తుంది. మెలి వదులైతే హమ్మని మోత. గ్రిడ్‌కు వెళ్లే తీగ పొట్టిగా ఉండాలి, ప్లేటు నుంచి వచ్చే తీగకు దూరంగా ఉండాలి. పక్కపక్కన నడిపితే పెరిగిన సంకేతం వెనక్కి దూకి ఆంపు కూత పెడుతుంది. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. చేతి వైరింగులో చేయి తిరిగినవాళ్లకూ కొత్తవాళ్లకూ తేడా కనిపించేది ఇక్కడే. ఒకే నక్షా, ఒకే వస్తువులు. ఒకరు కట్టింది నిశ్శబ్దంగా ఉంటుంది, ఇంకొకరిది గుయ్యిమంటుంది. ఫుల్లర్టన్ ఫ్యాక్టరీలో ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. పూర్తయిన చాసిస్ లోపల ఒక చిన్న టేపు ముక్కమీద తమ పేరు రాసి అంటించేవాళ్లు. ఇవాళ పాత ఆంపు కొన్నవాళ్లు ఆ టేపు ముక్క ఊడిపోకుండా ఉంటే పొంగిపోతారు. లియో పేరు పెట్టె మీద ఉంటుంది. వాళ్ల పేరు చూడాలంటే మాత్రం స్క్రూలు తీయాల్సిందే.

1965లో ఫెండర్ కంపెనీని అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్ కొనుక్కుంది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్ల మోజు, ఖర్చుల కోత, చేతి తీగలకు బదులు రాగి పొర అచ్చువేసిన సర్క్యూట్ బోర్డులు, అంటే పీసీబీలు. 1985లో ఉద్యోగులే కంపెనీని తిరిగి కొన్నాక పాత నమూనాలు మళ్లీ బయటికొచ్చాయి. 1990లో వచ్చిన 59 బాస్‌మన్ రీఇష్యూ చూడటానికి అచ్చు పాతదే, లోపల మాత్రం పీసీబీ. పాత పద్ధతిని అక్షరాలా పాటించింది మొదట చిన్నవాళ్లు. టెక్సస్‌లో కెండ్రిక్, ఇలినాయ్‌లో విక్టోరియా, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మ్యాచ్‌లెస్ వంటి కొద్దిమంది మనుషుల కంపెనీలు 1990ల నాటికే చేతితో కట్టి అమ్మి, కొనేవాళ్లున్నారని రుజువు చేశాయి. పెద్ద కంపెనీలు ఆ వెనకాల వచ్చాయి. తమ సొంత ఆంపునే తాము నకలు చేయడానికి ఇంకొకరు దారి చూపించాల్సి వచ్చింది.

సముద్రానికి అవతల ఇంగ్లండులో కథ ఇంకో వంపు తిరిగింది. జిమ్ మార్షల్ లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్ముల దుకాణం నడిపేవాడు. గిటారు కుర్రాళ్లు వచ్చి అమెరికన్ ఆంపులు ఖరీదెక్కువ, దొరకవు అని వాపోయేవాళ్లు. ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, కుర్ర ఇంజనీరు డడ్లీ క్రేవెన్ కలిసి 1962లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను దాదాపు యథాతథంగా తీసుకుని జేటీఎం45 కట్టారు. సర్క్యూట్ ఒకటే, దినుసులు వేరు. మొదటి వాల్వు స్థానంలో బలమైన ఈసీసీ83 వచ్చింది, స్పీకర్లు సెలెస్టియన్‌వి, అవీ వెనక మూసేసిన పెట్టెలో నాలుగు. దాంతో పదార్థమే మారిపోయింది. లోపలి కట్టుబడిలోనూ తేడా ఉంది. కన్నులకు బదులు పలక మీద నిలబెట్టిన చిన్న లోహపు గుంజలు. వస్తువు కాలును గుంజకు చుట్టి టంకం వేస్తారు. పైనుంచి చూస్తే ప్రతి కాలూ ఎక్కడ చుట్టారో విడివిడిగా కనిపిస్తుంది. చదవడానికి ఫెండర్ కంటే ఇదే తేట.

మార్షల్ 1960ల మధ్య కాలంలో తయారు చేసిన 18 వాట్ల చిన్న ఆంపును 1974ఎక్స్ పేరుతో చేతి వైరింగుతో మళ్లీ తీసుకొచ్చింది. దీని అవుట్‌పుట్ వాల్వులు రెండు ఈఎల్84లు. మనవాళ్లకు ఇవి పరాయివి కావు. వాల్వు రేడియోలను స్పీకరు దాకా మోసినవి ఈఎల్84 లాంటివే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారు చేసింది. హైదరాబాదులోనో విజయవాడలోనో మూతబడిన ఏ రేడియో దుకాణం అటకమీదో ఇలాంటి వాల్వులు అట్టపెట్టెల్లో ఇంకా ఉండవచ్చు. 1974ఎక్స్ కోసం పాత ట్రాన్స్‌ఫార్మర్ల కొలతలు తీసి మళ్లీ చుట్టించారు. స్పీకరు విషయంలో ఇంకా పట్టుదలకు పోయారు. ఏళ్ల తరబడి వాడి మెత్తబడిన సెలెస్టియన్ ఎలా పలుకుతుందో, కొత్తది అలా పలికేలా చేయించారు. ఇది తప్పేం కాదు గానీ, నాకు పూర్తిగా నచ్చదు. వయసు అనేది వాయించినవాడు సంపాదించుకోవాల్సింది.

డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ కంపెనీకి డిక్ డెన్నీ రూపకల్పన చేసిన వాక్స్ ఏసీ30 గురించి ఎన్ని పేజీలైనా రాయొచ్చు. షాడోస్, బీటిల్స్, తర్వాత క్వీన్ బృందంలో బ్రయన్ మే దాన్ని లోకానికంతా వినిపించారు. దాని చేతి వైరింగు రీఇష్యూలు కూడా వచ్చాయి. నాలుగు ఈఎల్84లు కలిసి విడుదల చేసే వేడిలో భాగాలన్నీ ఏళ్ల తరబడి ఉడుకుతాయి కాబట్టి, ఆ ఆంపులో చేతి వైరింగు విలాసం కాదు, అవసరం అని మాత్రం చెప్పి ముందుకు పోతాను.

పనితనం చూడాలంటే మాత్రం హైవాట్ దగ్గర ఆగి తీరాలి. డేవ్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1960ల చివర మొదలుపెట్టిన కంపెనీ అది. ఆయనకు కావలసింది వేదిక మీద ఎంత బాదినా చావని ఆంపు. 1970ల తొలినాళ్లలో వైరింగు పనిని హ్యారీ జాయిస్‌కు అప్పగించాడు. జాయిస్ బ్రిటిష్ నౌకాదళానికి పరికరాలు వైరింగు చేసిన మనిషి. యుద్ధనౌకలో వైరు ఊడితే ప్రాణాల మీదికి వస్తుంది కనుక అక్కడి ప్రమాణాలు వేరు. ఆయన వాటిని ఏమాత్రం సడలించకుండా గిటారు ఆంపులోకి తెచ్చాడు. పాత 100 వాట్ల డీఆర్103 చాసిస్ తెరిచి చూస్తే నోట మాట రాదు. తీగలన్నీ కట్టలు కట్టలుగా చాసిస్ అంచు వెంబడి నడుస్తాయి; మలుపు తిరగాల్సిన చోట అన్నీ కలిసి లంబకోణంలో తిరుగుతాయి; తన వంతు వచ్చిన తీగ కట్టలోంచి విడివడి తిన్నగా తన చోటికి దిగుతుంది. ఒక్కటీ గాల్లో వేలాడదు, ఒక్కటీ అడ్డదారి పట్టదు. ట్రాన్స్‌ఫార్మర్లు పార్ట్రిడ్జ్ కంపెనీవి, వాటి పరిమాణం చూస్తేనే భారం తెలుస్తుంది. ద హూ బృందంలో పీట్ టౌన్‌షెండ్, పింక్ ఫ్లాయిడ్‌లో డేవిడ్ గిల్మోర్ ఈ ఆంపుల మీద వాయించారు. టౌన్‌షెండ్ వేదిక మీద వస్తువులను ఎలా చూసేవాడో తెలిసినవాళ్లకు జాయిస్ వైరింగు విలువ వేరే చెప్పక్కర్లేదు.

1981లో రీవ్స్ చనిపోయాక ఆ పేరు చేతులు మారింది. ఇప్పుడు ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో హైవాట్ పాత నమూనాలను చేతితో కడుతున్నారు. ఆ కట్టలు, ఆ మలుపులు మళ్లీ కనిపిస్తాయి.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. హైవాట్ వైరింగు అంత కుదురుగా ఉంది, పాత ఫెండర్ వైరింగు అక్కడక్కడా వదులుగా, వంకరగా ఉంటుంది. మరి ఏది బాగా పలుకుతుంది? రెండూ బాగానే పలుకుతాయి. వాటి ధ్వనిలో తేడా సర్క్యూట్ వల్ల, ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల, స్పీకర్ల వల్ల వచ్చింది. తీగ నిటారుగా ఉండటం వల్ల కాదు. అదే సర్క్యూట్‌ను, అవే విలువలతో, అదే ట్రాన్స్‌ఫార్మరుతో మంచి పీసీబీ మీద కడితే కళ్లకు గంతలు కట్టుకుని తేడా చెప్పగలనని పందెం కాసేవాడి డబ్బు మీద నాకు ఆశ కలుగుతుంది. చేతితో వేసిన టంకంలోంచి ఏదో వెచ్చదనం స్వరంలోకి ప్రవహిస్తుందని చెప్పే అమ్మకందారుణ్ణి నమ్మనక్కర్లేదు. పేరులో ‘హ్యాండ్‌వైర్డ్’ ఉండి లోపల పెళుసు సాకెట్లు, చవక ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఆంపులూ మార్కెట్లో ఉన్నాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మరి చేతి పని దేనికి? ఆంపు పుట్టిన రోజున దాని విలువ తెలియదు. పదిహేనో ఏట తెలుస్తుంది. చవక పీసీబీ ఆంపుల్లో వాల్వు సాకెట్లను బోర్డు మీదే నేరుగా అతికిస్తారు. వాల్వు వేడెక్కడం, చల్లారడం, మార్చేటప్పుడు లాగడం, తోయడం - ఈ బలమంతా రాగి పొర మీద, దాని మీది టంకం మీద పడుతుంది. కొన్నేళ్లకు కంటికి కనిపించని వలయాకారపు పగులు వస్తుంది. దాన్ని బాగుచేయాలంటే బోర్డు మొత్తం ఊడదీయాలి. దానికి ముందు నాబులన్నీ, జాకులన్నీ విప్పాలి. వేడి కాస్త ఎక్కువైతే రాగి పొర బోర్డు నుంచి లేచిపోతుంది. అదే చేతి వైరింగు ఆంపులో సాకెట్టు లోహపు చాసిస్‌కు స్క్రూలతో బిగించి ఉంటుంది. దానికి వచ్చే తీగ కాస్త ఊగినా ఏమీ కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇరవై ముప్పై ఏళ్లలో ఎలాగూ ఎండిపోతాయి. డీలక్స్‌లో వాటిని మార్చడం తెలిసినవాడికి కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. ఏ వస్తువు ఎక్కడుందో కనిపిస్తోంది, ఎలా అతికారో కనిపిస్తోంది, విలువ దాని మీదే రాసుంది. తయారీదారు మూతపడినా, నక్షా దొరక్కపోయినా, ఓపికున్న మెకానిక్కు లోపల చూసి నక్షా తానే గీసుకోగలడు. ఇవాళ 1957 నాటి డీలక్స్‌లు ఇంకా పనిచేస్తున్నాయంటే కారణం అవి పాడవకపోవడం కాదు. పాడైన ప్రతిసారీ ఎవరో ఒకరు బాగుచేయగలిగారు.

పాత వస్తువు వయసు కనిపెట్టడానికి మెకానిక్కులు చూసే గుర్తు ఒకటుంది. స్పీకరు మీద, ట్రాన్స్‌ఫార్మరు మీద అచ్చు గుద్దిన అంకెల్లో మొదటి మూడూ తయారీదారువి: 220 అంటే జెన్సెన్, 606 అంటే షూమాకర్. ఆ తర్వాతివి సంవత్సరం, వారం. 220తో మొదలై 749తో ముగిస్తే 1957లో నలభై తొమ్మిదో వారంలో తయారైన జెన్సెన్ స్పీకరన్నమాట. నకలు ఆంపును అసలుదని అంటగట్టేవాళ్ల ఆట ఎక్కువగా ఇక్కడే కడుతుంది.

రీఇష్యూలు పాతవాటిని అక్షరాలా అనుసరించని చోటు ఒకటుంది, అందుకు సంతోషించాలి. పాత అమెరికన్ ఆంపులకు రెండు కాళ్ల ప్లగ్గే, ఎర్తు లేదు. పైగా మెయిన్స్ తీగ నుంచి చాసిస్‌కు ఒక కెపాసిటర్ వేసేవారు. అది షార్ట్ అయితే చాసిస్ మొత్తానికి, దాని ద్వారా గిటారు తీగలకు, వాటిని పట్టుకున్న చేతికి మెయిన్స్ కరెంటు వస్తుంది. మెకానిక్కులు దానికి పెట్టుకున్న పేరే చావు కెపాసిటర్. కొత్తవాటికి మూడు కాళ్ల ప్లగ్గు, ఎర్తు ఉన్నాయి. అసలుసిసలు పాతదే కావాలని మొండికేసేవాళ్లు కనీసం ఈ ఒక్క మార్పైనా చేయించుకోకుండా స్విచ్చి వేయకూడదు.

వాల్వుల సంగతి వేరే. ఇంగ్లండులో ముల్లార్డ్, అమెరికాలో ఆర్‌సీఏ వంటి పెద్ద తయారీదారులు ఎప్పుడో మానేశారు. ఇప్పుడు గిటారు ఆంపులకు వచ్చేవి ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనా ఫ్యాక్టరీలవి. పాత పేర్లలో కొన్నింటిని ఈ కొత్త వాల్వుల మీద ముద్రించి అమ్ముతున్నారు కూడా. పెట్టె మీది పేరు చూసి పాత వాల్వు అనుకుని ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

57 కస్టమ్ డీలక్స్‌కు అమెరికాలో రెండు వేల డాలర్లకు పైనే అవుతుంది. అదే డబ్బుకు పీసీబీ మీద కట్టిన మంచి వాల్వు ఆంపులు రెండు వస్తాయి. ఇంటి గదిలో వాయించుకునేవాడికి, ఇంకా చేయి కుదురుతున్నవాడికి ఆ రెండింట్లో ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో గురువు దగ్గర ఇంకో ఏడాది నేర్చుకోవచ్చు. ఒకే ఆంపుతో ముప్పై ఏళ్లు గడపాలనుకునేవాడికి, ఊరూరా తిరిగి వాయించేవాడికి, తన పరికరం లోపల ఏముందో తానే తెలుసుకోవాలనుకునేవాడికి మాత్రం చేతి వైరింగుకు పెట్టిన రూపాయి వృథా కాదు.

కొనాలని నిశ్చయించుకున్నవాళ్లకు మూడు మాటలు. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంపును ఎప్పుడూ ఆన్ చేసి వాయించకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు, అన్నిటికంటే ఖరీదైన భాగాల్లో అదొకటి. ప్లగ్గు తీసేశాం కదా అని లోపల చేయి పెట్టకండి; డీలక్స్ లాంటి చిన్న ఆంపులో కూడా 350 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది, కెపాసిటర్లు దాన్ని పట్టుకుని కూర్చుంటాయి, వాటిని ఖాళీ చేయడం తెలిసినవాడే ముట్టుకోవాలి. ఇక అమెరికాలో ఉన్న తమ్ముడో, మేనల్లుడో వచ్చేటప్పుడు తెస్తాడని ఆశపడేవాళ్లు ముందుగా వెనక రాసున్న వోల్టేజీ ఫోటో తీసి పంపమనండి. అక్కడివి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లకు కట్టినవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు మన 230ని 120కి దించుతుంది గానీ మన 50 హెర్ట్జ్‌లను 60 చేయలేదు. దాంతో ఆంపులోని పవర్ ట్రాన్స్‌ఫార్మరు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. దొరికితే 230 వోల్టులకు తయారైన ఎగుమతి నమూనాయే తీసుకోండి.